సావిత్రి జడ, వాణిశ్రీ కొప్పు, విక్టరీ రోల్స్: పాతకాలం హెయిర్‌స్టైల్ ఇంట్లో ఒకళ్ళకి నిలిచి ఇంకొకళ్ళకి ఎందుకు జారిపోతుంది

మొన్న మా ఇంట్లో ఒక సంగీత్ ఫంక్షన్ జరిగింది, థీమ్ రెట్రో అన్నారు. మా అక్క కూతురికి నడుం దాటిన ఒత్తు జుట్టు. ఏదో వీడియో చూసి ముందు రోజు రాత్రి తల తడిపి, పాయలు పాయలుగా వేలికి చుట్టి పిన్నులు పెట్టుకుని పడుకుంది, పిన్ కర్ల్స్ అంటారు వాటిని. పొద్దున విప్పితే పై పొర ఒక్కటే వంకీలు తిరిగింది, లోపలంతా ఇంకా చెమ్మగానే ఉంది, మధ్యాహ్నం భోజనాల టైముకి ఎప్పటి జుట్టు ఎప్పటిలాగే అయిపోయింది. "నా జుట్టే మంచిది కాదేమో పిన్నీ" అని మొహం చిన్నబుచ్చుకుంది. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ పిల్ల జుట్టులో ఏ లోపమూ లేదు. ఆ పద్ధతి పుట్టింది భుజాల దాకా కత్తిరించిన జుట్టు కోసం, ఈ పిల్ల చేసింది నడుం దాటిన జుట్టు మీద, గొడవంతా అక్కడే ఉంది.

2018లో సావిత్రి జీవితం మీద సినిమా వచ్చినప్పటి నుంచి పెళ్ళిళ్ళలో, ఫొటోషూట్లలో "వింటేజ్ లుక్" అడిగేవాళ్ళు బాగా పెరిగారు. దాంతో పాటే వేడి పెట్టకపోతే జుట్టుకి ఏమీ కాదని కొందరు, బ్యాక్ కోంబింగ్ (ఎదురు దువ్వడం) చేస్తే జుట్టు నాశనమని కొందరు, నూనె రాయాలని ఒకరు, అస్సలు రాయకూడదని ఇంకొకరు, ఎవరి మాట వాళ్ళది. ఇందులో చాలామాటలు సగం నిజాలు. ఏ సగం ఎక్కడ పనిచేస్తుందో విడదీసి చూద్దాం.

వింటేజ్ అనే ఒక్క మాట కింద రెండు వేరే సంప్రదాయాలున్నాయి

మొదటిది యూరప్, అమెరికాలది. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన వేడి చేసిన ఇనప పట్టకారుతో జుట్టుకి అలలు తెప్పించడం మొదలుపెట్టాడు, మార్సెల్ వేవ్ అనే పేరు ఆయన వల్లే వచ్చింది. 1920ల్లో ఆడవాళ్ళు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాక, తడి జుట్టుని వేళ్ళతో, దువ్వెనతో నొక్కి అలలు చేసే ఫింగర్ వేవ్స్ వచ్చాయి. 1940ల్లో విక్టరీ రోల్స్, అంటే నుదుటి పైన జుట్టుని బోలుగా ఉండే గొట్టంలాగా చుట్టి పైకి పెట్టడం. అది రెండో ప్రపంచ యుద్ధం టైము, ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు, జుట్టు యంత్రాల్లో పడితే ప్రాణం మీదకొస్తుంది. కంటి మీదకి జుట్టు జారేలా దువ్వుకోవడంలో పేరుబడ్డ హాలీవుడ్ నటి వెరోనికా లేక్ అప్పట్లో తన స్టైల్ మార్చుకుని జుట్టు పైకి కట్టుకుని చూపించింది కూడా, ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ కట్టుకుంటారని. ఇక 1960లో షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే హెయిర్ డ్రెస్సర్ తేనెపట్టులాంటి బీహైవ్ తయారుచేసింది. వీటిల్లో చాలావాటి కింద ఒక ప్రత్యేకమైన కటింగ్ ఉంటుంది, పొరలు పొరలుగా, ఎక్కువగా భుజాల పైకే. మనం ఫొటోలో చూసేది పైన వంకీలే, కింద కత్తెర చేసిన పని కనపడదు.

రెండోది మనది, దీన్లో కత్తెర లేదు. పొడుగు జుట్టునే మెలితిప్పి, చుట్టి, దాని మీద దాన్నే నిలబెట్టడం మన పద్ధతి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దం బొమ్మల్లో ఆడవాళ్ళ కొప్పులు ఎన్ని రకాలున్నాయో ఒకసారి మెడ నొప్పెట్టేదాకా చూడండి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీంచి జడ బయటికి వేసి సవాలు విసురుతుంది, పాత్ర మొహం కంటే ముందు జడ వస్తుందన్నమాట. సినిమాల్లోకి వచ్చేసరికి సావిత్రి కాలంలో ముందు మెత్తటి వంకీ, వెనక వదులు జడ, 1970ల్లో వాణిశ్రీ ఎత్తైన కొప్పు. ఆ కొప్పు కోసం అప్పట్లో ఆడవాళ్ళు ఎంత మోజుపడ్డారో మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఈ రెంటికీ తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, వాళ్ళ పద్ధతిలో వంకీ వల్ల నిండుదనం వస్తుంది, మన పద్ధతిలో చుట్టడం వల్లా, లోపల పెట్టే సవరం, అంటే విడి జుట్టు, దాని వల్లా వస్తుంది. ఒకదాని చిట్కా తెచ్చి ఇంకోదానికి వాడితే మా పిల్లకి జరిగిందే జరుగుతుంది.

తడిస్తే వంగి, ఆరితే బిగిసిపోవడం వెనక ఉన్న సంగతి

వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని లోపల పోగుల్ని కలిపి ఉంచే బంధాల్లో మనకి రెండు రకాలు తెలిస్తే చాలు. హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలితే వదులైపోతాయి, ఆరితే మళ్ళీ పడతాయి. ఏ షేపులో ఉండగా ఆరితే ఆ షేపులో పడతాయి, దీన్నే వెట్ సెట్ అంటారు. రాత్రి తడి జడ వేసుకుని పడుకుంటే పొద్దున అలలు రావడం కూడా వెట్ సెట్టే, చిన్నప్పుడు మనందరం పేరు తెలియకుండానే చేసినది. వేడి కూడా ఈ బంధాల మీదే పనిచేస్తుంది, కాకపోతే ఇక్కడ షేపు బిగిసేది జుట్టు చల్లారేటప్పుడు. కర్లింగ్ రాడ్ తీసిన వెంటనే దువ్వితే వంకీ సాగిపోయేది అందుకే.

రెండోవి డైసల్ఫైడ్ బంధాలు. ఇవి నీళ్ళకి లొంగవు, మామూలు వేడికీ లొంగవు, వీటిని విప్పడానికి రసాయనం కావాలి. పార్లర్లో పర్మింగ్ అని చేసేది ఆ పనే. 20వ శతాబ్దం మొదట్లో చార్లెస్ నెస్లర్ అనే జర్మన్ మనిషి వేడి ఇత్తడి కడ్డీలతో ఇలా శాశ్వతమైన వంకీలు చేశాడు, 1930ల చివర్లో వేడి అక్కర్లేని కోల్డ్ వేవ్ వచ్చింది. పాత ఫొటోల్లో కొందరి వంకీలు అన్ని రోజులు ఎలా నిలిచేవో అని ఆశ్చర్యపోతాం కదా, పాశ్చాత్య దేశాల వాళ్ళ విషయంలో చాలాసార్లు అసలు కారణం పర్మింగ్, దాని మీద మళ్ళీ వారం వారం సెట్టింగ్. ఒక్క రాత్రి పిన్నులతో అది రాదు.

చుట్ల లెక్క: 75 సెంటీమీటర్ల జుట్టుని 3 సెంటీమీటర్ల రోలర్‌కి చుడితే

ఇది లెక్కేస్తే కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. 3 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న రోలర్, అంటే జుట్టు చుట్టుకునే గొట్టం, దాని చుట్టూ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 9.4 సెంటీమీటర్ల జుట్టు పడుతుంది. హెయిర్ డ్రెస్సింగ్ నేర్పేచోట చెప్పే లెక్క ఏంటంటే, ఒక చుట్టు వేస్తే చివర వంపు, ఒకటిన్నర చుట్లు వేస్తే అల, రెండున్నర చుట్లు వేస్తే వంకీ. రెండున్నర చుట్లకి 23, 24 సెంటీమీటర్లు చాలు. అంటే మెడ దాకా జుట్టున్న మనిషికి ఆ రోలర్ సరిగ్గా అతికినట్టు సరిపోతుంది.

ఇప్పుడు నడుం దాకా, 75 సెంటీమీటర్ల జుట్టు తీసుకోండి. ఎనిమిది చుట్లు. పొర మీద పొర పడి లావవుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే పడతాయనుకోండి, అయినా లోపలి నాలుగైదు పొరలకి గాలే తగలదు. పైది ఆరుతుంది, లోపలిది ఆరదు, ఆరకుండా విప్పితే బంధాలు ఇంకా పడనట్టే. ఆపైన పొడుగు జుట్టుకి దాని బరువే శత్రువు, ఆరిన వంకీని కూడా కిందకి లాగేస్తుంది. పెద్ద రోలర్, 5 సెంటీమీటర్లది వాడితే చుట్లు ఐదు లోపుకి దిగుతాయి, కానీ వచ్చేది వంకీ కాదు, వదులు అల. సావిత్రి తరహా జడకి నిజానికి కావలసింది ఆ వదులు అలే, అదీ ముందు భాగానికి మాత్రమే. మిగతాదంతా జడలోకి వెళ్ళిపోయే జుట్టు, దాన్ని రాత్రంతా పిన్నుల్లో పెట్టి హింసించడం అనవసరం.

పాశ్చాత్య స్టైలే కావాలనుకునే పొడుగు జుట్టు వాళ్ళు ఏం చేస్తారంటే, వెనక జుట్టుని లోపలికి మడిచి మెడ దగ్గర పిన్ను చేసి పొట్టిగా కనిపించేలా పెట్టుకుంటారు, ముందు రెండు పాయలతో విక్టరీ రోల్స్ చుడతారు. రోల్స్‌కి వంకీ తప్పనిసరి కాదు, పట్టు కావాలి. అందుకే పొడుగు జుట్టు వాళ్ళకి పిన్ కర్ల్స్ కంటే ఇవి తొందరగా వస్తాయి.

కొప్పు నిలిచేది రాపిడి వల్ల, పిన్నుల లెక్క వల్ల కాదు

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, పొలుసులు కుదుళ్ళ నుంచి చివరి వైపుకి పడుకుని ఉంటాయి. కుదుళ్ళ నుంచి కిందకి నిమిరితే నున్నగా, కింద నుంచి పైకి నిమిరితే గరుగ్గా తగిలేది అందుకే. బ్యాక్ కోంబింగ్ అంటే పాయని నిటారుగా పట్టుకుని చివరి వైపు నుంచి కుదుళ్ళ వైపుకి దువ్వడం. పొలుసులు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అడుగున మెత్తటి దిండులాగా తయారవుతుంది, దాని మీద నున్నగా దువ్విన పొర కప్పితే పఫ్ వస్తుంది.

ఇక సవరం. ఈ తరం పిల్లలకి ఎక్స్‌టెన్షన్ అంటే తెలుస్తుంది, సవరం అంటే తెలియదు, రెండూ ఒకే కుటుంబం. జడలో కలిపి అల్లితే పొడవు, కొప్పు లోపల ఉండలా పెడితే ఎత్తు. పాత పెద్ద కొప్పులన్నీ సొంత జుట్టే అనుకుని మన జుట్టు చూసుకుని దిగులుపడే అమ్మాయిలకి ఇది తప్పకుండా చెప్పాలి, అప్పట్లోనూ లోపల సవరం ఉండేది, అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. సొంత జుట్టుని కొట్టి కొట్టి పఫ్ లేపడం కంటే లోపల సవరం ఉండ పెట్టడమే జుట్టుకి సుఖమని నా అభిప్రాయం, రాపిడి తగ్గుతుంది కాబట్టి.

పిన్నుల విషయంలో ఒక చిన్న తికమక ఉంది. రెండు కాళ్ళు దగ్గరగా బిగిసి ఉండే సైడు పిన్నుకి ఒక వైపు మెలికలుంటాయి, ఆ మెలికల వైపు తలకి ఆనాలి, మెలికలు జుట్టుని పట్టుకోవడానికి పెట్టినవి, అందానికి కాదు. యూ పిన్ను పని వేరు, అది కొప్పు అంచు జుట్టుని కొంచెం అందుకుని, తిరగబడి, తల దగ్గరి జుట్టులోకి దూరి రెంటినీ కుట్టినట్టు కలుపుతుంది. అలా కుట్టినవి నాలుగుంటే చాలు, గుచ్చి వదిలేసినవి ఇరవై ఉన్నా కొప్పు జారుతుంది.

కాకినాడలో జారి హైదరాబాద్‌లో నిలిచే వంకీ

వెంట్రుక నీళ్ళని బాగా పీలుస్తుంది, తన బరువులో దాదాపు 30 శాతం దాకా. కుండపోత వాన అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. తేమ లోపలికి వెళ్ళిందంటే హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటీ వదిలేస్తాయి, వెట్ సెట్ చేసినా రాడ్‌తో చేసినా రెంటి గతీ ఒకటే.

దీన్ని ఒక ఉదాహరణగా చూడండి. ఒకే అమ్మాయి, అదే జుట్టు, అవే రోలర్లు. జనవరిలో హైదరాబాద్‌లో పొద్దున సెట్ చేసుకుంటే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రాత్రి రిసెప్షన్ దాకా లాక్కొస్తుంది. అదే ఆగస్టులో కాకినాడలోనో విశాఖలోనో, కళ్యాణ మండపంలో ఏసీ లేకుండా, పక్కన గాడిపొయ్యి ఆవిరి, తల మీద చెమట, రెండు గంటల్లో వంకీ సాగిపోతుంది. ఆ అమ్మాయి చేసిన తప్పేం లేదు. అలాంటి చోట వంకీ మీద ఆధారపడని జడ, కొప్పు, మెలితిప్పిన ముడి ఎంచుకుంటే నిలుస్తాయి. మన తీర ప్రాంతాల పాత స్టైళ్ళలో వంకీ తక్కువ, చుట్టు ఎక్కువ ఉండటానికి ఈ వాతావరణం కూడా కారణమేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

హెయిర్ స్ప్రే అడ్డుకోదా అంటే కొంతవరకే. స్ప్రే చేసే పని వెంట్రుకల మధ్య సన్నటి పొర ఆరేలా చెయ్యడం. తొలినాళ్ళ స్ప్రేల్లో లక్క వాడేవాళ్ళు, మన గాజులకి వాడే లక్కలాంటిదే, నీళ్ళకి కరగదు కాబట్టి బాగా పట్టేది, తల స్నానంలో మాత్రం వదిలేది కాదు. 1950ల్లో నీళ్ళతో పోయే పాలిమర్లు వచ్చాయి, కడగడం తేలికైంది, కానీ వాటిల్లో కొన్ని తేమని పీల్చి జిగురుగా తయారవుతాయి. ఇంట్లో అవిసె గింజలు ఉడికించి వడకట్టే జెల్ కూడా ఇదే రకం పని చేస్తుంది, పొడి వాతావరణంలో చాలా బాగుంటుంది, ఉక్కపోతలో మెత్తబడిపోతుంది. ఇంకోటి, పెళ్ళిళ్ళలో తడి గుడ్డలోంచి తీసిన మల్లెదండని సరిగ్గా వంకీల పైనే పెడతాం, ఆ చెమ్మ తగిలిన చోట వంకీ ముందు పోతుంది. దండ కాసేపు పొడి గుడ్డ మీద ఆరబెట్టి, వంకీల మీద కాకుండా జడ మొదట్లో పెడితే ఆ బాధ ఉండదు.

"వేడి లేకపోతే సేఫ్" అనే మాట ఎంతవరకు నిజం

వేడి వద్దనేవాళ్ళ వాదనలో బలం ఉంది. రాడ్ వేడి ఎక్కువైతే కెరటిన్ దెబ్బతింటుంది, తిరిగి రాదు. తడి జుట్టు మీద వేడి రాడ్ పెడితే ఇంకా ఘోరం, లోపలి నీళ్ళు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కట్టి అక్కడే విరిగిపోతుంది. 180 డిగ్రీల లోపు, బాగా ఆరిన జుట్టు మీద, ఒకే పాయ మీద మళ్ళీ మళ్ళీ కాకుండా, అనేది సాధారణంగా చెప్పే హద్దు.

అటువైపు వాళ్ళ మాటా వినాలి. తడి జుట్టు పొడి జుట్టు కంటే బలహీనం, తొందరగా సాగుతుంది, తొందరగా తెగుతుంది. తడిగా ఉండగా బిగించి చుట్టి, దాని మీద తల పెట్టి ఎనిమిది గంటలు దొర్లితే వేడి లేదు నిజమే, కానీ లాగుడు ఉంది, రాపిడి ఉంది. మాడు రాత్రంతా చెమ్మగా ఉంటే కొందరికి దురద, చుండ్రు ఎక్కువవుతాయి. అలాంటివాళ్ళకి నెలకోసారి పది నిమిషాల రాడ్డే మేలు కావచ్చు.

నాకు తేలిందేంటంటే, వేడి ఉందా లేదా అనేదొక్కటే చూస్తే సరిపోదు, ఎంత తరచుగా, ఎంత బిగువుగా, ఎంత తడిగా అనేవి కూడా చూడాలి. ముప్పావు వంతు ఆరిన జుట్టుని వదులుగా చుట్టి, పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డ కప్పుకుంటే వెట్ సెట్ నిజంగానే సాధువు. మా పిల్ల చేసినట్టు కారే తడితో చేస్తే కాదు.

చివర వెంట్రుక వయసు ఎంతో ఒకసారి లెక్కేసుకోండి. జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటర్ పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జుట్టు చివర అయిదేళ్ళ నాటిది. వారానికి రెండు తలస్నానాలంటే అది ఇప్పటికే 520 తలస్నానాలు చూసింది. కుదుళ్ళ దగ్గర కొత్త జుట్టు తట్టుకునే బ్యాక్ కోంబింగ్‌ని ఆ చివరలు తట్టుకోలేవు. అందుకే పఫ్ కుదుళ్ళ దగ్గర రెండు మూడు అంగుళాల్లోనే చెయ్యడం, చివరల్ని జడలోనో కొప్పులోనో దాచెయ్యడం.

నూనె రాయాలా, కుంకుడుకాయతో రుద్దాలా

నూనె రాయాలనేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పట్లేదు, అదీ తికమక. నూనె జుట్టుకి మంచిదా అంటే, కొబ్బరినూనె విషయంలో అవుననే చెప్పొచ్చు. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది, కొబ్బరినూనె రాసిన జుట్టు కడుగుళ్ళలో ప్రొటీన్ తక్కువ కోల్పోతుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది, పొద్దుతిరుగుడు నూనెకి, మినరల్ ఆయిల్‌కి అది కనపడలేదు. నూనె స్టైల్‌కి మంచిదా అనేది వేరే ప్రశ్న. నూనె రాపిడి తగ్గిస్తుంది, పఫ్‌కి కావలసిందే రాపిడి, కాబట్టి నూనె తల మీద పఫ్ జారుతుంది, నున్నటి జడ మాత్రం అద్భుతంగా వస్తుంది. అంటే నూనె ముందు రోజు తలస్నానానికి ముందు, స్టైల్ మర్నాడు.

కుంకుడుకాయ రసంతో తలంటుకున్న జుట్టు కండిషనర్ పెట్టినదానిలా జారిపోదు, కొంచెం పట్టు ఉంటుంది. పాత కొప్పులు బాగా కుదరడానికి ఆ పట్టు సాయం చేసి ఉంటుంది. ఇప్పుడు స్టైలిస్టులు తలస్నానం చేసిన రోజు కాకుండా రెండో రోజు జుట్టు అడగడం, కండిషనర్ కుదుళ్ళకి వద్దనడం కూడా ఆ పట్టు కోసమే.

విప్పేటప్పుడు తెగే జుట్టు, పూలజడ బరువు, సవరం

స్టైల్ చేసుకోవడంలో పోయేదానికంటే ఫంక్షన్ అయిపోయాక నిద్రమత్తులో విప్పుకోవడంలో ఎక్కువ జుట్టు పోతుంది. స్ప్రే బిగిసిన పఫ్‌ని పై నుంచి దువ్వితే ముడి మీద ముడి పడి తెగుతుంది. పిన్నులన్నీ లెక్కపెట్టి తీసేసి, స్ప్రే ఉన్నచోట కాస్త కండిషనరో కొబ్బరినూనో పట్టించి, వేళ్ళతో విడదీసి, పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్తే చాలావరకు దక్కుతుంది. అంత ఓపిక లేని రాత్రి వదులుగా జడేసుకుని పడుకుని పొద్దున చూసుకోవడం నయం.

పూలజడలు, జడగంటలు బరువైనవి. ఆ బరువంతా ఒకే చోట, మెడ పైన ఒక్క పాయకి కట్టేస్తే ఆ కుదుళ్ళు లాగుతాయి, తలనొప్పి దాని మొదటి కబురు. రోజూ బిగించి కట్టుకునేవాళ్ళకి కణతల దగ్గర, పాపిడి దగ్గర జుట్టు పలచబడటాన్ని డాక్టర్లు ట్రాక్షన్ అలోపేషియా అంటారు, మొదట్లోనే మానేస్తే తిరిగొస్తుంది, ఏళ్ళు గడిస్తే రాకపోవచ్చు. పెళ్ళికూతురికి ఒక్క రోజు బరువు పెద్ద సంగతి కాదు, నాట్యం చేసే పిల్లలకి మాత్రం సంగతే, వాళ్ళకి జడ మొదట్లో తాడు రెండు మూడు పాయలకి పంచి కట్టాలి.

సవరం రెండు రకాలు, మనిషి జుట్టుది, నైలాన్‌ది. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాల్ని టీటీడీ వేలం వేస్తుంది, మన దేశం నుంచి విగ్గులకీ సవరాలకీ వెళ్ళే జుట్టులో గుళ్ళలో ఇచ్చినదానికి మంచి పేరుంది. మనిషి జుట్టు సవరానికి తల నుంచి వచ్చే జిడ్డు అందదు కాబట్టి ఎండిపోతుంది, నెలలో ఒకసారి రెండు చుక్కల కొబ్బరినూనె, వాడాక చిక్కు తీసి, కడిగితే నీడలో వేలాడదీసి పూర్తిగా ఆరాకే గుడ్డలో చుట్టాలి. నైలాన్‌దానికి రాడ్ తగిలిందా కరిగి ఉండ కట్టేస్తుంది, దాన్ని సెట్ చేసే ఆలోచనే వద్దు.

మా పిల్ల సంగతి చెప్పడం మర్చిపోయాను. పిన్ కర్ల్స్ వదిలేసి, ముందు రెండు పాయలకి మాత్రం పెద్ద రోలర్లు పెట్టి ఫ్యాన్ కింద గంటన్నర కూర్చోబెట్టాం, వెనక మా అమ్మ సవరం ఉండ పెట్టి ఎత్తుగా కొప్పు చుట్టింది, నాలుగు యూ పిన్నులు, ఒక పక్కకి కనకాంబరాలు. రాత్రి పదకొండున్నరకి డాన్సులయ్యాక కూడా కొప్పు అలాగే ఉంది. ముందు వంకీలు ఒకటి పోయింది, ఒకటి ఉంది.